మన ఎండకు నిలిచే ఆకు ఏది? మునగ, అవిసె, పొన్నగంటి, గంగపాయల... ఇంట్లో ఏది పెట్టుకోవాలి

పోయిన ఏప్రిల్‌లో ప్రొద్దుటూరు నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, ఇక్కడ నర్సరీలో మల్టీవిటమిన్ మొక్క అని అమ్ముతున్నారు. ఇది ఇంట్లో ఉంటే మాత్రలే అక్కర్లేదంట. తెచ్చుకునేదా?" అంది. అంతకు వారం ముందు కర్నూలులో ఉండే మా వదిన గలిజేరాకు గురించి అడిగింది. కిడ్నీలకు మంచిదని ఏదో వీడియోలో చూసిందట. ఇద్దరినీ నేను తిరిగి అడిగినవి ఒకటే. నీళ్ళు రోజుకు ఎన్ని పోయగలవు? పెట్టేది నేలలోనా, మిద్దె మీద కుండీలోనా? ఇంట్లో చేదు తినేవాళ్ళు ఉన్నారా? ఈ మూడూ తేలకుండా ఏ ఆకులో ఏముందో చదువుకుని లాభం లేదు.

మేముండేది అనంతపురంలో. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే పదివేలు అనుకునే ఊరు. మే నెలలో మార్కెట్లో కొన్న పాలకూర కట్ట ఇంటికి చేరేసరికి తల వాల్చేస్తుంది. పెరట్లో వేసుకుందామంటే మార్చి దాటగానే ఆకు చిన్నదైపోయి పూతకు వచ్చేస్తుంది. అందుకే పన్నెండేళ్ళుగా పాలకూర, మెంతికూర వెంట పడటం తగ్గించి, మన పెద్దవాళ్ళు తిని మనం మర్చిపోయిన ఆకుల్ని, ఈమధ్య కొత్తగా వచ్చిన మొక్కల్ని ఒక్కొక్కటే పెట్టి చూస్తున్నా. కొన్ని నిలిచాయి, కొన్ని ఒక్క ఎండాకాలానికే పోయాయి. వాటిలో దేన్ని ఎవరు ఎంచుకుంటే మేలో ఇక్కడ చెబుతాను.

ముందు అంకెల సంగతి

ఈ వ్యాసంలో పోషకాల లెక్కలు చాలావరకు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల నుంచి తీసుకున్నవే. అవి 100 గ్రాముల పచ్చి ఆకుకు. ఆ సంస్థ పాత పుస్తకానికి, 2017లో వచ్చిన కొత్త పట్టికలకు అంకెలు కొంచెం తేడాగా ఉంటాయి. నేల, ఆకు వయసు, కొలిచే పద్ధతి మారితే అంకె మారుతుంది మరి. అందుకే ఒకే అంకె కాకుండా ఇంత నుంచి ఇంత అని చెబుతాను.

ఇనుము విషయంలో మాత్రం ఎవరేం చెప్పినా ఆచితూచి నమ్మండి. పొన్నగంటి కూరలో 16 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఉందని ఒకప్పటి లెక్క. తర్వాత మళ్ళీ కొలిస్తే 2 మిల్లీగ్రాములు కూడా రాలేదు. మునగాకుదీ అదే కథ: 7 అని రాసినది సవరించినప్పుడు ఒకటికి దిగింది, కొత్త పట్టికలో నాలుగున్నర దగ్గర ఉంది. ఆకుకు అంటిన మన్నులోని ఇనుము కూడా పాత లెక్కల్లో కలిసిపోయి ఉంటుంది. కానీ నేటికీ వాట్సాప్‌లో తిరిగేవి ఆ పాత అంకెలే.

ఇది నాకు ఊరికే పట్టలేదు. రెండో కాన్పు తర్వాత నా హిమోగ్లోబిన్ 9 దగ్గర ఆగిపోయింది. రోజూ ఆకుకూర తింటున్నా కదా, మాత్రలెందుకని రెండు నెలలు నేనే మానేశాను. మళ్ళీ పరీక్ష చేయిస్తే ఇంకా తగ్గింది. అప్పుడు కూర్చుని లెక్క చూసుకున్నా. ఆడవాళ్ళకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఒక పూట పప్పులో నా వంతుకు వచ్చే ఆకు 50 గ్రాములు. అందులో ఉండేదే రెండు మిల్లీగ్రాములైతే, ఆకులోని ఇనుములో ఒంటికి పట్టేది అందులో మళ్ళీ కొద్ది భాగం. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 59 మందికి రక్తం తక్కువని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. ఆ 59 మందిలో ఎవరైనా ఇది చదువుతుంటే నేను చేసిన తప్పు చేయొద్దు. ఆకు తినండి, మాత్రలూ వేసుకోండి. ఆకుకూరలో నిమ్మరసం పడితే ఇనుము బాగా పడుతుంది. తిన్న గంట లోపల టీ తాగితే ఆ కాస్తా పోతుంది.

రెండో సంగతి కాల్షియం. ఆకులో ఉండటం వేరు, మనకు అందటం వేరు. పాలకూరలో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ. అది కాల్షియాన్ని పట్టేసుకుని వదలదు. పాలలోని కాల్షియం దాదాపు నాలుగో వంతు ఒంటికి పడితే, పాలకూరలోది ఇరవయ్యో వంతు మాత్రమే పడుతుందని పరిశోధనల్లో తేలింది. గంగపాయల, తోటకూర, గలిజేరు కూడా ఆక్సాలిక్ ఆమ్లం బాగా ఉన్న ఆకులే. కాబట్టి కాల్షియం కోసం ఆకు వెతికేవాళ్ళు వాటిని పక్కన పెట్టి, మునగ, అవిసె వైపు చూడాలి.

నేల ఉన్నవాళ్ళకు: మునగా, అవిసా?

కాంపౌండ్ లోపల నాలుగడుగుల నేల ఉన్నా సరే, ఈ రెండింటిలో ఒకటి పెట్టుకోవాల్సిందే అంటాను. మొదటి ఏడాది గడిచాక వీటిని మీరు పెంచడం కాదు, ఇవే మిమ్మల్ని పెంచుతాయి.

అవిసె అనగానే చాలామందికి అవిసె గింజలు గుర్తొస్తాయి. అది వేరే మొక్క. నేను చెప్పేది తెల్లగానో ఎర్రగానో చిలక ముక్కులాంటి పెద్ద పూలు పూసే చెట్టు. తమలపాకు తోటల్లో తీగ పాకడానికి ఊతంగా దీన్నే వేస్తారు. ద్వాదశి పారణకు అవిసె కూర వండే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఆకులో మాంసకృత్తులు 8 గ్రాములు. మనం ఇంట్లో పెట్టుకోగల ఆకుల్లో ఇంతకు మించినది నాకు కనపడలేదు. కాల్షియం 900 నుంచి 1100 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళకు రోజంతటికీ కావాల్సినది 1000. అంటే గుప్పెడాకు, ఒక 50 గ్రాములు తింటే కాగితం మీద రెండు గ్లాసుల పాలలో ఉన్నంత. అంతా ఒంటికి పట్టకపోయినా చిన్న సంగతి కాదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళ ఇంట్లో, పాలు పడనివాళ్ళ ఇంట్లో నా మొదటి ఓటు దీనికే. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళు మా జిల్లాలో చాలా ఉన్నాయి. అలాంటి చోట తిండిలో కాల్షియం, విటమిన్ సి తగ్గకుండా చూసుకోమని డాక్టర్లు చెబుతారు. ఈ ఆకులో రెండూ ఉన్నాయి. నీళ్ళు మాత్రం మంచివి తాగాల్సిందే, ఆకు ఫ్లోరైడ్‌కు మందు కాదు.

అవిసెతో చిక్కల్లా చేదు. మొదటిసారి నేను తోటకూర వండినట్టు పప్పులో వేశాను. కుక్కర్ మూత తీస్తే మంచి వాసనే వచ్చింది, ముద్ద నోట్లో పెట్టాక ఇద్దరు పిల్లలూ కంచం దగ్గర నుంచి లేచారు. ఉరవకొండ వైపు పల్లెలో ఉండే మా మేనత్తకు చెబితే, "దాన్ని పప్పులో ఎందుకేస్తివి తల్లీ, పప్పంతా చేదు పట్టదా? నూనెలో మగ్గించాల దాన్ని" అంది. ఆమె చెప్పినట్టే ఈనెలు తీసేసి లేతాకు మాత్రం సన్నగా తరిగి, ఎర్రగడ్డలు ఎక్కువ వేసి, రెండు గరిటెల నూనెలో మూత పెట్టకుండా మగ్గిస్తాను. దించే ముందు వేయించిన శెనక్కాయల పొడి, కొంచెం బెల్లం. చేదు ఉంటుంది, కానీ కాకరకాయంత కూడా ఉండదు. రాగి సంగటిలోకి అది కుదిరినట్టు ఇంకేదీ కుదరదని మా ఇంటాయన అంటాడు.

చెట్టు మహా తొందర మనిషి. జూన్‌లో తొలకరికి గింజ నానబెట్టి వేస్తే దీపావళికి ఆకు కోసుకోవచ్చు. వదిలేస్తే ఇంటి కప్పు దాటిపోతుంది, గాలికి కొమ్మ విరుగుతుంది. రొమ్మెత్తుకు రాగానే తల తుంచేస్తే పక్క కొమ్మలు వచ్చి చేతికందేలా ఉంటుంది. ఆయుష్షు తక్కువ, నాలుగైదేళ్ళకు ముసలిదైపోతుంది కాబట్టి మూడో ఏట ఇంకో గింజ పక్కన వేసి పెట్టుకోండి. గోడ మీదుగా మేకలు అందుకోకుండా చూసుకోవాలి. మేకకు అవిసె కనపడితే ఇక ఆకు మనకు మిగలదు.

మునగ సంగతి అందరికీ తెలుసు, కానీ కాయ కోసం పెంచే ఇంట్లో ఆకు తినేవాళ్ళు తక్కువ. ఆషాఢంలో ఒక్కరోజు మునగాకు పప్పు చేసి ఊరుకుంటారు. ఆకులో మాంసకృత్తులు 6 నుంచి 7 గ్రాములు, కాల్షియం 300 నుంచి 450 మిల్లీగ్రాములు, విటమిన్ సి 100 నుంచి 220 మిల్లీగ్రాములు, కళ్ళకు కావాల్సిన కెరోటిన్ కూడా పుష్కలం. కాల్షియంలో అవిసె కంటే వెనకపడ్డా, రుచిలో ముందుంది. పిల్లలు తింటారు. నన్నడిగితే ఆ ఒక్క గుణం చాలు. చెట్టు మీద ఉన్న 1000 మిల్లీగ్రాముల కంటే కంచంలో పడిన 300 ఎక్కువ.

మన ఎర్రగరప నేలల్లో మునగ హాయిగా పెరుగుతుంది. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడిలో మాత్రం వానాకాలం నీళ్ళు నిలిచి వేరు కుళ్ళుతుంది. మా వదినవాళ్ళ ఇంట్లో రెండు మొక్కలు అట్లాగే పోయాయి. మూడోది ఒకటిన్నర అడుగు ఎత్తు మట్టి దిబ్బ పోసి, అందులో ఇసుక కలిపి పెడితే నిలిచింది. ఆకు కోసమే అయితే ఏటా రెండుసార్లు నడుమెత్తుకు నరికేయండి. నరికిన నెలన్నరకు గుబురుగా లేత చిగురు వస్తుంది. వానాకాలంలో బొంత పురుగులు గుంపులుగా కాండం మీద చేరతాయి. మందు కొట్టొద్దు, తినేది ఆకు. సాయంత్రం అవన్నీ ఒకచోట చేరినప్పుడు పాత గుడ్డ చుట్టిన కర్రకు నిప్పు పెట్టి కాండానికి కొంచెం దూరంగా చూపిస్తే రాలిపోతాయి. ముట్టుకుంటే ఒళ్ళంతా దద్దుర్లే.

ఆకు వలవడానికి విసుగు పడి మునగ మానేసేవాళ్ళు చాలామంది. రాత్రి పడుకునే ముందు రెమ్మలు కోసి, తడి లేకుండా పాత చీర ముక్కలో మూటగట్టి వంటగదిలో పెట్టండి. పొద్దున మూట పట్టుకుని నాలుగుసార్లు దులిపితే ఆకంతా కింద రాలి, పుల్లలు చేతిలో మిగులుతాయి. సన్న కాడలు ఏరితే చాలు, ఐదు నిమిషాల పని. తర్వాతే కడగాలి. తడి రెమ్మలు మూటగడితే పొద్దునకు ఆకు నల్లబడుతుంది.

మునగాకు పొడి గురించి ఒక్క మాట. పాలలో కంటే 17 రెట్లు కాల్షియం అని డబ్బా మీద రాస్తారు. ఎండిన పొడిని, నీళ్ళలా ఉండే పాలను గ్రాముకు గ్రాము పోల్చడం వల్ల వచ్చిన అంకె అది. మనం వేసుకునేది చెంచా పొడి, 5 గ్రాములు. అందులో కాల్షియం 100 మిల్లీగ్రాముల దగ్గర. అర గ్లాసు పాలకు కూడా రాదు. పెరట్లో చెట్టుంటే ఆ డబ్బా కొనాల్సిన పనే లేదు. ఇంకోటి, తినేది ఆకు, పువ్వు, కాయ వరకే. వేరు, బెరడు కషాయాలు కడుపుతో ఉన్నవాళ్ళు అస్సలు ముట్టుకోకూడదు.

రెండింటిలో ఒక్కటే పెట్టగలిగితే? చిన్నపిల్లలున్న ఇంట్లో మునగ, పెద్దవాళ్ళే ఉన్న ఇంట్లో అవిసె. డిసెంబరు, జనవరిలో మునగ ఆకు రాల్చి నిద్రపోతుంది, ఆ రెండు నెలలకు పెరట్లో చక్రవర్తి కూర చల్లుకోవచ్చు, చలికాలంలో బాగా వస్తుంది.

మిద్దె మీద, కుండీల్లో

చెట్టు పెట్టలేనివాళ్ళకు గంగపాయల, పొన్నగంటి రెండూ కుండీలో సులువుగా వచ్చేవే. కానీ వీటి స్వభావాలకు పొంతనే లేదు.

గంగపాయలాకును కొందరు గంగవాయిలి అంటారు, పావిలి కూర అని కూడా అంటారు. నున్నటి ఎర్ర కాడలు, గుండ్రంగా మందంగా ఉండే ఆకులు. కాడలోనే నీళ్ళు దాచుకుంటుంది. రెండు రోజులు ఊరికి పోయొచ్చినా బతికే ఉంటుంది. ఉప్పు నీళ్ళ బోరైనా తట్టుకుంటుంది. మే నెలలో మా మిద్దె మీద పచ్చగా ఉన్న ఏకైక కుండీ ఇదే. అంకెల్లో చూస్తే మాంసకృత్తులు రెండున్నర గ్రాముల లోపు, కాల్షియం 110 మిల్లీగ్రాములు, పైగా అందులో చాలావరకు ఆక్సాలిక్ ఆమ్లం పట్టేసుకుంటుంది. మరెందుకు పెట్టడం? చేపల్లో ఉంటుందని చెప్పే ఒమేగా-3 కొవ్వు జాతిలోది ఒకటి ఈ ఆకులో 300 నుంచి 400 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆకుకూరల్లో అంత ఉండటం అరుదు. చేప కొవ్వుతో అది సమానం కాదు, ఒంట్లో కొంచెమే ఆ రూపానికి మారుతుంది. అయినా చేప ముట్టని ఇంటికి మంచిదే.

దీనిలో నాకు ముచ్చట గొలిపే గుణం ఇంకొకటుంది. నీళ్ళు తక్కువైనప్పుడు ఈ మొక్క పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి గాలి పీలుస్తుంది. పీల్చినదాన్ని మాలిక్ ఆమ్లంగా మార్చి ఆకులో దాచి, పగటి ఎండలో వాడుకుంటుంది. అందుకే ఎండాకాలం పొద్దున ఆరింటికి కోసిన ఆకు నాలుక మీద జివ్వుమనేంత పులుపు, సాయంత్రం అదే కొమ్మ ఆకు చప్పగా ఉంటుంది. పులుసు కూరకైతే పొద్దున, పిల్లల పప్పుకైతే సాయంత్రం కోస్తాను. పెసరపప్పుతో ఎనిపి, పక్కన పెరుగు పెట్టుకుంటే ఇంకా మేలు. పెరుగులోని కాల్షియం ఆ ఆక్సాలిక్ ఆమ్లాన్ని కడుపులోనే పట్టేస్తుంది.

బయట ఏరి తెచ్చేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. నేలకు అంటుకుని పాకే నానబాలు జాతి మొక్కలు దూరం నుంచి దీనిలాగే కనిపిస్తాయి. కాడ తుంచండి. నీళ్ళు కారితే గంగపాయల. తెల్లటి పాలు వస్తే అక్కడే పారేయండి.

పొన్నగంటికి తేమ కావాలి. పోయిన కంటిని తెచ్చే కూర కాబట్టి ఆ పేరని మా నాయనమ్మ చెప్పేది. పాత పట్టికలో చూస్తే దాని కెరోటిన్ మునగాకులో మూడో వంతు కూడా లేదు. కంటి కోసమే అయితే మునగ, అవిసె దీనికంటే ముందుంటాయి. కానీ మాంసకృత్తులు 5 గ్రాములు, కాల్షియం 400 నుంచి 500 మిల్లీగ్రాములు. రుచి ఎవరికీ ఎదురు చెప్పనిది, చేదు లేదు, పులుపు లేదు, జిగురు లేదు. ఆకుకూరంటేనే మొహం తిప్పేవాళ్ళకు దీంతో మొదలుపెట్టండి. విత్తనం వెతకొద్దు. మార్కెట్లో కొన్న కట్టలో నాలుగు ముదురు కాడలు తీసి, కణుపు మట్టిలో ఉండేలా గుచ్చితే వారంలో వేరు పోసుకుంటుంది. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు పడేచోట వేస్తే దానికి విడిగా నీళ్ళు పోసే పని ఉండదు. సబ్బు నీళ్ళు, మురుగు పారేచోట మాత్రం వద్దు. కాలువ గట్ల మీద తెంపి తెచ్చే పొన్నగంటి కంటే ఇంటిది మేలనడానికి కారణం అదే, అది ఏ నీళ్ళలో పెరిగిందో మనకు తెలియదు.

గెనుసుగడ్డ తీగ ఉన్నవాళ్ళు దాని లేతాకు కూడా వండుకోవచ్చు, తోటకూర లాగే ఉంటుంది. వామాకు బజ్జీలకూ పచ్చడికీ బాగుంటుంది, పోషకాల లెక్కలోకి తీసుకునేంత మనం తినం.

చెంచలాకు

దీన్ని పోటీలో పెట్టడానికి నాకు మనసొప్పలేదు. శెనగచేలో కలుపుగా మొలిచేది. మా మేనత్తవాళ్ళు కలుపు తీయడానికి పోతే సాయంత్రం ఒడి నిండా చెంచలాకు, దొగ్గలాకు, తుమ్మి ఆకు కలిపి తెచ్చేవాళ్ళు. అన్నీ కలిపి కందిపప్పులో వేసి, పచ్చిమిరపకాయలు, చింతపండు పడేసి ఎనిపితే ఆ పూట జొన్న రొట్టెలోకి ఇంకేం అక్కర్లేదు. ఆ కలగూరకు ఖర్చు లేదు, కొలత లేదు, ఏ రోజు ఏది దొరికితే అది. పది రకాల ఆకులు కలవడం వల్ల ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లో దొరికేది. ఇప్పుడు చేలల్లో కలుపు మందు కొడుతున్నారు. కూలి దొరకదు, వాళ్ళను తప్పుపట్టలేను. కానీ మందు కొట్టిన చేలో మొలిచినది తినకూడదు, కొట్టని చేను ఎక్కడుందో పట్నంలో ఉండే మనకు తెలియదు. ఈ ఆకు మన నోటికి దూరమైంది అట్లాగే.

మూడేళ్ళ కింద మా మేనత్త చేలో కంకులు కట్టిన రెండు మొక్కల్ని ఎండబెట్టి, గింజ దులిపి కాగితంలో కట్టి ఇచ్చింది. వెడల్పాటి తొట్టిలో చల్లాను. తొలకరి తర్వాత మొలిచింది, నెల రోజులకే కోతకొచ్చింది. గింజ రాలనిస్తే మరుసటి ఏడు దానంతటదే వస్తుంది. ఎరువు అడగదు. ఎండాకాలంలో మాత్రం ఉండదు, వానాకాలపు ఆకు. అంకెల కోసం కాకపోయినా, పల్లెలో ఎవరైనా పెద్దవాళ్ళు ఉంటే అడిగి గింజ తెచ్చుకోండి. ఇది ఏ నర్సరీలోనూ అమ్మరు.

కొత్తగా వచ్చినవి, వీడియోల్లో వచ్చినవి

మా చెల్లెలు అడిగిన మల్టీవిటమిన్ మొక్క అసలు పేరు చెక్కుర్మనిస్. కేరళ, తమిళనాడుల్లో చాలాకాలంగా పెంచుతారు. అంకెలు నిజంగానే గొప్పవి: మాంసకృత్తులు 7 గ్రాముల దగ్గర, కాల్షియం 570, విటమిన్ సి దాదాపు 250 మిల్లీగ్రాములు. అయినా నేను తెచ్చుకోమని చెప్పలేదు. ఒకటి, దానికి నీడ కావాలి, తేమ కావాలి. మా ఇంట్లో పెట్టిన మొక్క రోజూ రెండు పూటలా నీళ్ళు పోసినా ఏప్రిల్ ఎండకు ఆకు అంచులు మాడి, మే చివరికి పుల్లలైంది. రెండోది ఇంకా ముఖ్యం. 1990ల్లో తైవాన్‌లో బరువు తగ్గుతామని ఈ ఆకు పచ్చి రసం వారాల తరబడి తాగినవాళ్ళకు ఊపిరితిత్తుల్లో సన్న గొట్టాలు మూసుకుపోయాయి. వందకు పైగా మందికి ఆయాసం వచ్చి, తాగడం మానేసినా తగ్గలేదు. వండి, కూరగా, అప్పుడప్పుడు తినే ఊళ్ళు ఉన్నాయి. జ్యూస్ మాత్రం వద్దే వద్దు. నీడా, నీళ్ళూ ఉన్న ఇంట్లో పెట్టుకున్నా వారానికి ఒకసారి కూరకే వాడండి.

చాయా అని మిద్దె తోటల వాళ్ళ మధ్య చేతులు మారుతున్న చెట్టు మెక్సికో వైపుది. కొమ్మ గుచ్చితే వస్తుంది, మన ఎండకు బెదరదు, పురుగు పట్టదు. పచ్చి ఆకులో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది, ఇరవై నిమిషాలు నీళ్ళలో ఉడికిస్తే పోతుంది. అల్యూమినియం గిన్నెలో వండకూడదు. నీళ్ళు బొత్తిగా లేని చోట ఇది మంచి ఎంపికే అని ఒప్పుకుంటాను. మా ఇంట్లో పెట్టలేదు. పిల్లలు గోంగూర చిగురు తెంపి నోట్లో వేసుకున్నట్టు దీన్నీ వేసుకుంటారేమోనని టెన్షన్.

ఇక గలిజేరు. ఆ పేరుతో రెండు మొక్కలున్నాయి. తెల్ల గలిజేరు ఒకటి, పునర్నవ అని అటికమామిడి అని పిలిచేది ఇంకొకటి. వీడియోల్లో రెండింటినీ కలిపేస్తున్నారు. లేతాకు పప్పులో వేసుకుని తినడం మన పల్లెల్లో ఉన్నదే. ముదురాకు తింటే విరేచనాలు పట్టుకుంటాయి. కిడ్నీ జబ్బుకు మందని నమ్మి రోజూ తినడం మాత్రం ప్రమాదం. ఆక్సాలిక్ ఆమ్లం, పొటాషియం రెండూ దెబ్బతిన్న కిడ్నీకి భారమే. మా వదినకు ఇదే చెప్పాను. అన్నకు రాళ్ళు వచ్చి పోయాయి కాబట్టి గలిజేరు, గంగపాయల, పాలకూర మూడూ తగ్గించి, మునగాకు మితంగా వాడమన్నాను, అదీ డాక్టర్‌ను అడిగాకే. గుండెకు వాల్వు వేయించుకుని రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు కూడా ఒక్కసారిగా ఆకుకూరలు పెంచొద్దు. వీటిలోని విటమిన్ కె ఆ మాత్ర పనిని తగ్గిస్తుంది. వారానికి ఎంత తింటున్నారో అంతే నిలకడగా తింటూ, డాక్టర్‌కు చెప్పండి.

నా ఎంపిక

నేల ఉండి రోజుకు ఒక బిందె నీళ్ళు మిగిలితే ఒక మునగ, ఒక అవిసె, వంటింటి నీళ్ళు పడేచోట పొన్నగంటి. మా ఇంట్లో ఉన్నది ఇదే. ఏడాదిలో పదకొండు నెలలు బయట ఆకుకూర కొనకుండా గడుస్తోంది. మిద్దె మాత్రమే ఉంటే రెండు తొట్లలో పొన్నగంటి, ఎండ నేరుగా పడే మూల గంగపాయల. అద్దె ఇల్లయితే గంగపాయల కుండీ ఒక్కటి చాలు, ఇల్లు మారేటప్పుడు చంకలో పెట్టుకుపోవచ్చు. మిద్దె మీద పెద్ద డ్రమ్ములో మునగ పెట్టి, మూడడుగులకు నరుకుతూ ఆకు తీసుకునేవాళ్ళూ ఉన్నారు. దానికి ఎండాకాలం రోజూ నీళ్ళు తప్పవు.

ఏది పెట్టినా ఆకును ముందు కడిగి తర్వాత తరగండి. తరిగి కడిగితే విటమిన్ సి నీళ్ళలో పోతుంది. ఉడికినా కొంత పోతుంది కాబట్టి పప్పు మెత్తబడ్డాక చివర్లో ఆకు వేసి, ఐదారు నిమిషాల్లో దించేయండి. చాయాకు మాత్రం ఇది వర్తించదు, దాన్ని ఉడికించాల్సిందే. కెరోటిన్ ఒంటికి పట్టాలంటే నూనె కావాలి, కాబట్టి పోపులో నూనె మరీ పిసినారితనం చేయొద్దు.

చెల్లెలు నర్సరీ మొక్క తేలేదు. జూన్‌లో నేను పోయినప్పుడు తడి గోనెపట్టాలో చుట్టి పొన్నగంటి కాడలు, ఒక కాగితం పొట్లంలో అవిసె గింజలు తీసుకుపోయాను. వాళ్ళ మిద్దె మెట్ల కింద రెండడుగుల మట్టి ఉంది, అవిసె అక్కడ వేశాం. దసరాకు ఫోన్ చేసి, "అక్కా, చెట్టు నాకంటే ఎత్తు పెరిగింది, తల తుంచాల్నా?" అని అడిగింది. తుంచమన్నాను. తుంచిన కొసలు పారేయకుండా ఆ పూటకే మగ్గించుకోమన్నాను, లేతగా ఉండేది అదే.